సముద్రం నెమ్మదించే లోపల

ముగ్గు వేసి లోపలికి వచ్చి, చేతులు కడుక్కున్న తరవాత మా అత్త వరదమ్మ ప్రతి ఉదయం నన్ను అడిగే మాట ఒకటే.

“ఆడ ఎట్లుండాదే?”

ఆడ అంటే అరేబియా సముద్రంలో నైరుతి మూల, సొకోత్రా దీవికి దిగువన. మేముండేది తిరుపతిలో. మా మిద్దె మీద నిలబడితే కొండ కనిపిస్తుంది, కొండ మీది దీపాలు కనిపిస్తాయి. సముద్రం మాత్రం ఎటు చూసినా లేదు. నేను ఫోను తెరిచి, వాతావరణ శాఖ వాళ్ళు సముద్రానికి ఇచ్చే సూచన తీసి, తెలుగు చేసి చదువుతాను.

“గాలి గంటకు నలభై ఐదు నించి యాభై ఐదు కిలోమీటర్లు. ఉండుండి అరవై ఐదు. సముద్రం అల్లకల్లోలం.”

“సరే,” అని అత్త పాలు పొయ్యి మీద పెడుతుంది.

ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఎదురింటి నిర్మలమ్మ వడియాలు పెట్టే ముందు మా గడపలోకి వచ్చి, “సుధమ్మా, ఈ పొద్దు వాన పడతాదా?” అని అడుగుతుంది. తెలియదంటే నమ్మదు. “యాడో అరేబియాలో గాలి చెప్తావు, నా మిద్దె మీద వాన చెప్పలేవా?” అంటుంది. నిజమే, చెప్పలేను. నేను ఆ ఒక్క చోటి సంగతే చూస్తాను.

నా భర్త పద్మనాభ్ సరుకుల ఓడలో, ఇంజను గదిలో పనిచేసేవాడు. చిత్తూరులో చదువుకునే రోజుల్లో మేమిద్దరం ఒకే బస్సులో పోయేవాళ్ళం. అందువల్ల పెళ్ళయిన తరవాత కూడా అతన్ని మీరు అనడం నాకు అలవాటు కాలేదు. తిరుమల దేవస్థానంలో గుమాస్తాగా చేసి రిటైరైన మామ ముకుందం, కొడుకు కూడా కొండ మీదో కొండ కిందో ఏదో ఒక కొలువు చూసుకుంటాడనుకున్నాడు. కొడుకు ఓడ ఎక్కాడు.

ఓడ ఎక్కినవాడు సముద్రం చూస్తాడని మేమందరం అనుకున్నాం. ఇంజను గది ఓడ అడుగున ఉంటుందట. కిటికీలుండవు. వేడి, చప్పుడు, నూనె వాసన. డ్యూటీ దిగి నిద్రపోయి, లేచి మళ్ళీ కిందికి దిగేవాడు. ఓడలో కాస్త నెట్టు దొరికినప్పుడు అతని నుంచి మొదట వచ్చే మాట, “బయట ఎట్లుండాది సుధా?”

నేను మా బడి స్టాఫ్ రూములో కూర్చుని సూచన చదివి రాసేదాన్ని. గాలి ఎటు నుంచి, అల ఎంత ఎత్తు, మబ్బు ఉందా లేదా.

“ఓడలో ఉండేది నువ్వు, సముద్రం చూసేది నేను. బాగుంది వరస,” అని ఒకసారి రాశాను.

“కెప్టెనుకు చెప్పి నీకూ జీతం ఇప్పిస్తాలే. చపాతీలు మాత్రం అడగొద్దు, ఈడ అట్టముక్కలు మేలు,” అని బదులు వచ్చింది.

పోయిన ఏడాది ఆషాఢంలో, ఓడ గల్ఫు నుంచి ఆఫ్రికా వైపు పోతుండగా, డ్యూటీ దిగి గాలి కోసం పైకి వెళ్ళాడు. మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ఇంజను చప్పుడుకు చెవుల మీద పెట్టుకునేవి ఓడ అంచు కమ్మీలకు తగిలించి ఉన్నాయి. ఓడను వెనక్కి తిప్పి వెతికారు. దగ్గర్లో ఉన్న ఓడలు కూడా వచ్చి వెతికాయి. ఆ గాలిలో అంతకన్నా చేయడానికి లేదన్నారు. కంపెనీ పంపిన కాగితంలో ఆచూకీ లేదు అని ఉంది. మేము ముగ్గురం ఆ మాటకు ఇవతల ఏడాది పైన బతికాం.

శ్రావణం వెళ్ళేటప్పుడు మామ నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. అత్త వంటింటి గడపలో నిలబడి ఉంది.

“మహాలయ పక్షం వస్తాది సుధమ్మా. మా నాయనకు, మా తాతకు, పోయినోళ్ళందరికీ నీళ్ళు వదుల్తాను. వాడికి వదిలేదానికి లేదు. దహనం కాలేదు గదా. మన పురోహితుడు రఘునాథాచారిని అడిగినాను. దర్భలు, మోదుగాకులతో మనిషిని చేసి, తలకు టెంకాయ పెట్టి, దానికి చేయాలంట. నువ్వు ఊ అంటేనే.”

“వాడు పోయినాడని నువ్వు చూసినావా?” అంది అత్త.

“ఉండాడని నువ్వు చూసినావా వరదా?”

అత్త లోపలికి వెళ్ళిపోయింది. నేను ఏదో ఒకటి చెప్పాలి. వద్దనే ధైర్యం లేదు, సరే అనే మనసు లేదు.

“ఆ సముద్రం నెమ్మదించనీ మామా. అప్పుడు చేద్దాం,” అన్నాను.

మామకు అది సబబుగా తోచింది. ఆయన జీవితమంతా ముహూర్తాలు చూసిన మనిషి. గాలి, అల కూడా తిథి వార నక్షత్రాల వంటివే అనుకున్నట్టున్నాడు. ఆ రోజు నుంచి అత్త అడిగే మాటకు ఆయన కూడా పేపరు మడిచి చెవి ఒగ్గేవాడు. నేను అల్లకల్లోలం అని చదివితే మళ్ళీ పేపరు విప్పేవాడు.

అత్త సంగతి వేరు. అల్లకల్లోలం అన్న రోజు కాఫీ చిక్కగా ఉండేది. వినాయక చవితికి ముందు ఒక ఉదయం గాలి కాస్త తగ్గింది. ఓ మోస్తరు అని చదివాను. అత్త విననట్టు నిలబడింది. పాలు పొంగి పొయ్యి ఆరింది. మర్నాడు గాలి మళ్ళీ పెరిగింది. నేను చదువుతుంటే ఆమె కొంగుతో స్టవ్వు తుడుస్తూ, “ఇంకోసారి చెప్పు,” అంది. చెప్పాను. నాకు కూడా ఇంకోసారి చదవాలనే ఉంది.

నేను పనిచేసే ఉన్నత పాఠశాల చంద్రగిరి దాటి, పాకాల రోడ్డులో ఉంది. సోషల్ చెబుతాను. ఆ వారం తొమ్మిదో తరగతికి సముద్ర ప్రవాహాల పాఠం వచ్చింది. బోర్డు మీద ఆఫ్రికా అంచు, మన దేశం, కింద శ్రీలంక గీశాను.

“టీచర్, స్వర్ణముఖిలోనే నీళ్ళు లేవు. సముద్రం నీళ్ళు యాడికి పోతే మనకేమి?” అంది మూడో బెంచీలో కూర్చునే స్రవంతి. పిల్లలు నవ్వారు.

“పరీక్షలో మార్కులు పోతాయి. అది చాలదా?” అన్నాను. ఇంకా నవ్వారు.

ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న పాఠమే. మిగతా సముద్రాల్లో ప్రవాహాలు ఏడాది పొడుగునా ఒకే దిక్కున పోతాయి. మన సముద్రంలో మాత్రం గాలి మారితే అవీ మారతాయి. నైరుతి గాలి వీచినన్నాళ్ళూ నీళ్ళు పడమటి నుంచి తూర్పుకు నడుస్తాయి. సోమాలియా ఒడ్డున సుద్దముక్క పెట్టి బాణం మొదలుపెట్టాను. సొకోత్రా పక్కగా, అరేబియా సముద్రం అడ్డంగా, కేరళ అంచున కిందికి, శ్రీలంకను చుట్టి పైకి, బంగాళాఖాతంలోకి. బాణం మొన మన తీరానికి ఎదురుగా ఆగింది.

“గాలి తగ్గితే టీచర్?”

“తగ్గి, ఈశాన్యం నుంచి గాలి మొదలైతే, నీళ్ళు వెనక్కి మళ్ళుతాయి. ఇటు నుంచి అటు.”

మొన తుడిచి రెండో కొసన పెట్టాలి. డస్టరు చేతిలోనే ఉంది. తుడవలేకపోయాను. సముద్రం నెమ్మదించాలని గడువు పెట్టింది నేనే. అది నెమ్మదించడమంటే మా వైపు నుంచి మొహం తిప్పుకోవడం. ఆ సంగతి పిల్లలకు ఏటేటా చెబుతూ, నా ఇంట్లో నేను మరచిపోయాను.

“రేపు చూద్దాం,” అని చెప్పి గంట కొట్టేదాకా వాళ్ళతో పటం గీయించాను. ఎవరి పుస్తకంలో చూసినా ఆ బాణం ఇటే వస్తోంది.

ఇంటికి వచ్చేసరికి మామ వరండాలో ఉన్నాడు. చెప్పులు విప్పకుండానే అన్నాను.

“మహాలయానికి ముందు, పౌర్ణమి లోపల చేద్దాం మామా. ఈడ కాదు. సముద్రం దగ్గర.”

ఆయన కళ్ళద్దాలు తీశాడు. అత్త వంటింట్లో నుంచి వచ్చింది.

“ఇంకా నెమ్మదించలేదు గదే. పొద్దున నువ్వే చదివితివి.”

“నెమ్మదిస్తే నీళ్ళు అటు మళ్ళుకుంటాయత్తా.”

ఆమెకు అర్థం కాలేదు. గూట్లో ఉన్న ముగ్గుపిండి డబ్బా తీసుకుని నేల మీద కూర్చున్నాను. ఆఫ్రికా, మన దేశం, శ్రీలంక. తరవాత ఆ దారి. అత్త పక్కన కూర్చుని, గీత వెంట వేలు జరుపుకుంటూ వచ్చింది.

“వాడు యాడ?”

చూపించాను. ఆమె వేలు అక్కడే ఉండిపోయింది.

“పోయినేటి నీళ్ళు ఇంకా ఆడే ఉంటాయా సుధమ్మా?” అన్నాడు మామ.

“ఉండవు మామా. అవే వస్తాయని నేను చెప్పను. ఆడి నించి ఈడికి దారి ఇప్పుడుంది. గాలి తగ్గితే ఉండదు. నాకు తెలిసింది అంతే.”

“ఎప్పుడు తగ్గుతాది?”

“అక్టోబరులో.”

అత్త వేలు తీసి, అంటిన పిండిని చీర అంచుకు రాసుకుంది.

“గాలి తగ్గకూడదని దినామూ మొక్కుకుంటా ఉండాను,” అంది. “తగ్గితే మీరు కర్మ చేసేస్తారని. వాడుండే నీళ్ళల్లో గాలి పెరగాలని మొక్కినాను. తల్లి మొక్కే మొక్కేనా ఇది?”

మామ ఆమె వైపు చూసి చూపు దించుకున్నాడు. ఫోను తెరిచే ముందు ప్రతి ఉదయం నేను కోరుకున్నదీ అదే.

“పోదాం పద,” అంది అత్త. “దారి ఉండంగానే పోదాం.”

కాణిపాకం బ్రహ్మోత్సవాలకు వచ్చిపోయేవాళ్ళతో బస్సులన్నీ నిండి ఉన్నాయి. కారు మాట్లాడుకుని నాయుడుపేట మీదుగా తూపిలిపాలెం సముద్రతీరానికి పోయాం. ముందు సీట్లో రఘునాథాచారి. మోదుగాకుల కట్ట ఆయన ఒళ్ళో ఉంది. దారిలో ఒకసారి మామతో మెల్లగా అన్నాడు.

“ఆడోళ్ళు దీనికి రాకూడదు ముకుందం.”

“సముద్రం సంగతి మనకేం తెలుసప్పా? దారి చెప్పిందే ఆమె. రానీ.”

ఆచారి తరవాత ఆ మాట ఎత్తలేదు. నా బొట్టు సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు.

ఇసుకలో దర్భలు పరిచి, ఆకులు పేర్చి, మనిషిని చేశారు. టెంకాయ తలగా పెట్టారు. పద్మనాభ్ అంతకన్నా పొడుగు. ఆ మాట ఆచారితో చెబితే ఇంకొన్ని ఆకులు కాళ్ళ దగ్గర చేర్చాడు. నిప్పు పెట్టే ముందు మామ ఆకులు ఒకసారి సర్దాడు. “తండ్రి చేసే పని కాదిది,” అని మాత్రం అన్నాడు. ఎండిన ఆకులు తొందరగా అంటుకున్నాయి. గాలి పొగను లోపలికి, ఊరి వైపు తీసుకుపోలేదు. నీళ్ళ మీదికి తీసుకుపోయింది.

బూడిద చల్లారాక అత్త, నేను కొంగులో తీసుకుని నీళ్ళలోకి దిగాం. ఆమె సముద్రం చూడటం అదే మొదటిసారి. అల వచ్చి మోకాళ్ళకు తగిలితే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కొంగు విప్పింది. నేను కూడా విప్పాను. బూడిద కాసేపు తెల్లగా తేలి, తరవాత నీళ్ళ రంగులో కలిసింది.

అత్త వంగి దోసిలితో నీళ్ళు తీసుకుంది. పారబోయలేదు. వేళ్ళ సందుల్లో నుంచి అవే కారిపోయేదాకా చూస్తూ నిలబడింది.

“వాడికేమన్నా చెప్పవే,” అంది.

అతనికి నేను ఎప్పుడూ చెప్పింది ఒకటే. ఫోను కారులో ఉంది. ఈసారి దాని అవసరం లేదు. తల ఎత్తి, కనిపించినంత దూరం చూశాను.

“గాలి మన వెనక నుంచి వీస్తోంది,” అన్నాను. “అల మోకాలి దాకా వస్తోంది. దూరంగా కొంచెం మబ్బుంది. ఇక్కడ ఎండగా ఉంది.”