అమ్మవారున్న ఇంట్లో తాలింపు

ఇద్దరు చీనా పిల్లల్ని కాపాడిన పుణ్యాత్ముడని మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన మెర్డెకా ఏడాది మా తోట జనం తోట గుమాస్తా, కిరాణి కాంతయ్యకు పూలదండ వేశారు. వేసిన చేతులు పడిపోను! పిల్లల్ని కాపాడింది నా పెళ్ళాం పోలమ్మ. వాడు చేసిందేమిటో నేను చెబుతాను.

కమ్యూనిస్టుల్ని అణచడానికి తెల్లవాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. బటాంగ్ బెర్జుంటైలో మా రబ్బరు తోట అవతల ఉన్న చీనా గుడిసెల్ని సోల్జర్లు తగలబెట్టి, మనుషుల్ని లారీల్లో ముళ్ళకంచె వేసిన కొత్త ఊరికి తోలేశారు. తల్లి ఆ లారీల్లో పోగా, కట్టెలకు పోయిన అక్కా తమ్ముడూ వెనకబడిపోయారు. చెట్లు గీయడానికి వెళ్ళిన పోలమ్మ వాళ్ళను ఇంటికి తెచ్చింది. వాళ్ళ నాన్న అడవిలో కమ్యూనిస్టుల్లో కలిశాడు. అలాంటి పిల్లలకు అన్నం పెడితే జైలే.

"పోలీసులకిచ్చేద్దుమా?" అన్నాను.

"ఇత్తే తల్లి కాడికి సేరుస్తారేటి? అయ్య యెక్కడున్నాడో సెప్పమని సావగొడతారు. నువ్వు మగోడివేనా?" అంది.

మా చెల్లెలి పిల్లలకు అమ్మవారు పోసిందని కూలీల లైనంతా చెప్పింది. వాళ్ళ ఒళ్ళంతా పసుపు పూసి పడుకోబెట్టి, గుమ్మానికి వేపరొట్ట కట్టింది. ఇక ఎవరు గడప తొక్కుతారు? సోదాకొచ్చిన మలాయి కానిస్టేబులు కూడా, "అమ్మోరు లా!" అని పక్కింటి అచ్చమ్మ మలాయి యాసలో అరవగానే ముక్కు మూసుకుని పోయాడు. కొత్త ఊరికి కూరగాయలు తోలే డ్రైవరు వేలు, ఆదివారం తన లారీలో తీసుకెళతానన్నాడు. అందాకా దాస్తే చాలు.

పిల్లాడు చప్పిడి గంజి ముట్టలేదు. పోలమ్మ జాలిపడి ఎండుచేపలు వేయించి, చారులో ఆవాలూ ఎండుమిరపకాయలూ వేసి తాలింపు పెట్టింది.

మలాయివాడికి తెలియదు, తోట దొరకు తెలియదు. కాంతయ్య మనవాడే కదా, వాసన పట్టి వచ్చేశాడు.

"అమ్మోరున్న ఇంట్లో తాలింపేటిరా, తాతబాబూ? మీ అమ్మోరు ఎండుసేపలు తింతాదేటి?" అని పకపకా నవ్వుతూ వేపరొట్ట తప్పించి లోపలికి చూశాడు.

పోలమ్మ వాడి కాళ్ళ మీద పడింది. "కిరాణిగారూ, ఆళ్ళని తల్లి కాడికి సేర్సీండి."

"సేరుస్తాను. కొత్త ఊళ్ళోకి పోడానికి నాకు పాసుంది, దొర కాడ మాటుంది. మరి రోడ్డు పక్కన నీ మొగుడికి నేలుంది కదేటి..."

"అది మా అయ్య సెమట," అన్నాను.

"అయితే స్టేషనుకి పోదుమా?"

పిల్లాడు పోలమ్మ కొంగు పట్టుకుని వదలడం లేదు. నేల రాసిచ్చినట్టు కాంతయ్య తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను.

మర్నాడే పిల్లల్ని తల్లికి అప్పగించాడు, అడవిలో తనకే దొరికారని దొరకు చెప్పి. ఆ తల్లి వాడికి మొక్కిందట. మొక్కనీ. పిల్లలు చేరారు, అక్కడికి వాడు మాట తప్పలేదు. దండ వేయించుకున్నప్పుడైనా పోలమ్మ పేరెత్తాడా, దొంగ వెధవ!

నాకు పోయింది రెండుంబావు ఎకరాలు, కాపుకొచ్చిన పదకొండు కొబ్బరిచెట్లతో సహా.