ఆగుడు తెల్వని సాంచ

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. గౌరవ్వ ఆడిన అబద్ధం అతికినట్టే ఉంది. కొంప ముంచింది కూడా అదే.

హైదరాబాద్‌లో రొమ్ము ఆపరేషన్ అయి, రెండో కీమో ఎక్కించుకుని వచ్చాక ఆమె కోడలు భాగ్యకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిరావడం మొదలైంది. దిండు మీద ఏరలేక విసుగుపుట్టి ఒకరోజు మంగలిని ఇంటికి పిలిపించి గుండు చేయించుకుంది. బడి నుంచి వచ్చిన పిల్లలిద్దరూ గుమ్మంలోనే నిలబడిపోయారు. భాగ్య నోరు తెరిచేలోపే, గౌరవ్వ బీడీలు చుట్టే చేతులు ఆపకుండా చెప్పేసింది.

"మీ అమ్మ యేములాడ రాజన్నకు ఎంటికలిచ్చింది. మొక్కు."

ఆ ఇంట్లో క్యాన్సర్ అన్న మాట లేదు. 'ఆ నొప్పి' అనేవారు, అదీ గొంతు తగ్గించి. పేరు పలికితే అది విని మళ్లీ వస్తుందని గౌరవ్వ భయం. మస్కట్‌లో ఉన్న ఆమె కొడుకు జలపతి కూడా పెళ్లాన్ని ఫోన్‌లో "ఆ నొప్పి ఎట్లున్నది" అనే అడిగేవాడు. అందుకే అత్త ఆడిన అబద్ధం భాగ్యకు హాయిగానే అనిపించింది. పసిపిల్లలకెందుకు ఈ బెంగ అనుకుంది. ఆరేళ్ల సాయి అమ్మ గుండు నిమిరి నవ్వాడు. పదేళ్ల రజని మాత్రం తల్లిని తేరిపార చూసి, భుజం మీది బ్యాగు కూడా దించకుండా లోపలికి వెళ్లిపోయింది.

అప్పటి నుంచీ ఆ పిల్లకు తిండి తగ్గింది, మాట తగ్గింది. తమ్ముడితో కొట్లాడటం కూడా మానేసింది. నిజానికి భయపడాల్సింది అక్కడే. ఓపిక చచ్చిపోయి మంచం పట్టుకున్న భాగ్య, పిల్లకు బుద్ధొచ్చిందని మురిసిపోయింది.

ఒక ఆదివారం పొద్దున గౌరవ్వ చాటలో బీడీ కత్తెర కనపడలేదు. ఇల్లంతా వెతికితే చివరికి బాత్రూం గోడ వెనక రజని చేతిలో దొరికింది. రెండు జడలూ తెగి పిల్ల ఒడిలో ఉన్నాయి. తునికాకు కత్తిరించే కత్తెర జుట్టుకేం పనికొస్తుంది? తలంతా ఎలుకలు కొరికిన చాపలా ఉంది.

గౌరవ్వ కొట్టబోయి చెయ్యెత్తింది. భాగ్య ఆ చేతిని పట్టుకుని ఆపి, పిల్ల పక్కనే నేల మీద చతికిలబడింది.

"ఎందుకు బిడ్డా?"

"రాజన్నకు ఇస్త. అప్పుడు నేను ఇయ్యలే గద."

భాగ్యకు అప్పుడు వెలిగింది. సాయికి డెంగీ వచ్చి గట్టెక్కిన ఏడు, పిల్లలిద్దరి తలనీలాలూ ఇస్తానని తనే మొక్కుకుంది. సాయి ఇచ్చాడు. రజని కల్యాణకట్ట దాకా వచ్చి, ఏడ్చి పొర్లి జుట్టు దక్కించుకుంది. పోనీలెమ్మని మూడు కత్తెర్లు ఇప్పించి ఊరుకున్నారు. అందరూ మరిచిపోయిన ఆ సంగతిని పిల్ల మరిచిపోలేదు.

"నేను ఇయ్యలేదని దేవుడు నీయి తీసుకున్నడు," అంది రజని. "అయినా ఆయనకు కోపం పోలే. గందుకే నువ్వు ఎండిపోతున్నవు. నా వల్లనే సచ్చిపోతవా అమ్మా?"

ఆపరేషన్ కోత కూడా భాగ్యను అంత నొప్పించలేదు. జబ్బును దాచి పిల్లల్ని కాపాడుతున్నానని తాననుకుంటే, పిల్ల దాన్ని తన నేరం చేసుకుని ఇన్నాళ్లూ ఒంటరిగా మోస్తోంది. బిడ్డను ఒళ్లోకి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపయ్యాక కోపం వచ్చింది, అత్త మీద కొంత, తన మీద ఎక్కువ. ఆ కోపమే ఆమెను లేపి నిలబెట్టింది.

"అత్తమ్మా, పిల్లలను తీస్కొని మా బాపు దగ్గరికి పోతున్న. అన్ని చెప్త. పేరుతోనే చెప్త."

"పసి పోరగాండ్లు. జడుసుకుంటరు."

"గిప్పుడు జడుసుకోలేదా? గీ తల జూడు."

గౌరవ్వ చూసింది. కత్తెర తీసుకుని లోపలికి పోయింది.

మూతికి మాస్కు కట్టుకుని, పిల్లల్ని చెరో పక్క కూర్చోబెట్టుకుని భాగ్య కోరుట్లలో బస్సెక్కింది. ఆమె తండ్రి రాజమౌళి సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. భాగ్య ఆ చప్పుళ్లోనే పుట్టి పెరిగింది. హైదరాబాద్‌లో డాక్టరు జబ్బు గురించి వివరిస్తున్నప్పుడు కూడా ఆమెకు సాంచాలే గుర్తొచ్చాయి, నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదంతే.

కార్ఖానాలో ఒకరి మాట ఒకరికి వినపడదు. సాయి చెవులు మూసుకున్నాడు. భాగ్య తండ్రి చెవిలో ఏదో చెప్పింది. ఆయన మనవరాలి తల వైపు ఒకసారి చూసి, వెళ్లి మెయిన్ స్విచ్ బంద్ చేశాడు. సాంచాలన్నీ ఆగిపోయాయి.

"నాకచ్చిన జబ్బు పేరు క్యాన్సర్," అంది భాగ్య.

రాజమౌళి భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. బిడ్డ నోట ఆ మాట వినడం ఆయనకూ అదే మొదలు.

"మన ఒంట్ల కణాలుంటయని బళ్లె చెప్పిండ్రు గద. అవి గీ సాంచాల లెక్కనే. ఎంత బట్ట కావాల్నో అంత నేసి ఆగుతయి. నీ మోకాలు గీరుకపోతె కొత్త తోలు నేస్తయి, మానంగనే ఆగుతయి. నా రొమ్ముల ఒక్క సాంచ ఆగుడు మర్చిపోయింది. ఎవ్వలు అడగని బట్ట నేసుకుంట పోయింది. అదే గడ్డయింది. ఊకుంటె కార్ఖానంత అదే నిండుతది, కడమ సాంచాలకు నూలుండది, జాగ ఉండది. గందుకే డాక్టర్లు కోసి దాన్ని బయటవడేసిండ్రు."

"మరి ఎంటికలు?" అంది రజని.

"కంటికి కనవడకుంట ఇంకో మొండిది ఏ మూలకన్న ఉంటె? గందుకని మందు ఎక్కించి కార్ఖానకే కరెంటు తీస్తరు, గిప్పుడు తాత తీసిండు సూడు, గట్ల. మొండిది ఆగాలంటె మంచియి గూడ కొన్ని రోజులు ఆగాలె. ఎంటికలు నేసే సాంచాలు ఆగినయి. ఆకలి ఆగింది. ఎంటికలు రాజన్న తీసుకోలే బిడ్డా, మందు తీసుకున్నది."

సాయి చెవుల మీంచి చేతులు తీశాడు. "నాకు అంటుకుంటదా?"

"గీ కార్ఖానల సాంచ చెడిపోతె పక్కోళ్ల కార్ఖానల చెడిపోతదా?"

"పోదు."

"ఇగ నా పక్కకే పండు. బాపమ్మ దగ్గర పండుడు బంద్."

రజని ఇంకా నేల చూపులే చూస్తోంది. "నేను ఏడ్సినందుకు చెడిపోలేదా?"

దానికి రాజమౌళి జవాబు చెప్పాడు. "ఏడుపులకు సాంచాలు చెడిపోతె సిరిసిల్లల ఒక్కటి గూడ నడ్వకపోతుండె బిడ్డా."

పిల్ల మొహంలో ఏదో సడలింది. కానీ రజని తెలివిగల పిల్ల, అంత సులువుగా వదిలే రకం కాదు. "కరెంటు మల్ల అస్తె మొండిది గూడ లేస్తది గద?"

భాగ్య తండ్రి వైపు చూసింది. ముసలాయన గడ్డం గోక్కున్నాడు.

"ఆగుడు తెలిసినయి మల్ల లేస్తయి. ఆగుడు తెల్వనిదాన్ని పట్టి ఆపితె, అది విరుగుతది."

"పక్కా విరుగుతదా?"

"విరుగుతదనే డాక్టర్లు చెప్తున్నరు," అంది భాగ్య. "నేను నమ్ముతున్న. ఏ సంగతి తెలిసినా ఇగ నీకు చెప్త, మంచిదైనా చెడ్డదైనా. అబద్ధం మాత్రం ఆడ."

రాజమౌళి కరెంటు వేసి, మనవరాలి చెయ్యి పట్టుకుని ఒక సాంచ హ్యాండిల్ మీద పెట్టాడు. అది లేచింది. తర్వాత దాని పక్కది. రజని కార్ఖానా అంతా తిరిగి ప్రతిదాన్నీ తానే లేపింది. ఆ మోతలో పిల్ల పగలబడి నవ్వడం భాగ్యకు కనపడింది గానీ వినపడలేదు.

బళ్లో పిల్లలు ఊరుకుంటారా? మీ అమ్మది నీకు అంటుకున్నదా అని ఒకతె అడగనే అడిగింది. రజని ఆ పిల్లను కూర్చోబెట్టి మొదటి నుంచీ, తాత మాటతో సహా, చెప్పింది. వారం తిరక్కముందే వాడలో కొత్త ఆట పుట్టింది. ఒకడు మెయిన్, మిగతావాళ్లు సాంచాలు. బంద్ అనగానే ఆగాలి, ఆగనివాడు అవుట్. "పాడు ఆట" అని గౌరవ్వ మూతి తిప్పుకుంది. గడప మీద కూర్చుని చూడటం మాత్రం మానలేదు.

మిగిలిన కీమోలు తేలిగ్గా ఏమీ కాలేదు. వాంతులయ్యాయి, నోరు పూసింది. "కరెంటు వోయింది, లొల్లి చెయ్యకుండ్రి" అని రజని ఇంట్లో చాటింపు వేసేది. తల్లి అన్నం అడిగిన రోజు "అచ్చింది" అని వీధి దాకా పరుగెత్తేది.

కీమోలన్నీ అయిపోయిన కొన్ని నెలలకు జగిత్యాలలో స్కాన్ తీశారు. డాక్టరు రిపోర్టు చూస్తుంటే రజని బల్ల మీదికి వంగింది. "మొండి సాంచ ఉన్నదా సార్?"

ఆయనకు అర్థం కాక భాగ్య వైపు చూశాడు. భాగ్య రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన రిపోర్టును మళ్లీ మొదటి నుంచీ చదివి, పిల్లతోనే అన్నాడు. "ఎక్కడా లేదమ్మా. అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటే చాలు."

జగిత్యాల బస్టాండులో భాగ్య మిరపకాయ బజ్జీలు తింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తింది. కారానికా, సంతోషానికా అని పిల్లలు అడగలేదు.

తర్వాత వారమే గౌరవ్వ వేములవాడకు ప్రయాణం కట్టించింది. తను చాటుగా నిజం మొక్కే మొక్కుకుందట, తీర్చాలట.

"మల్ల ఎవ్వలి ఎంటికలు అత్తమ్మా?" అంది భాగ్య, గొంతులో పాత కోపం తొంగిచూస్తుండగా. ఆమెకు వేలెడు జుట్టు వచ్చింది. రజనికి చెవుల దాకా పెరిగింది, ఆ పిల్ల రెండు చేతులతో తల పట్టుకుని నిలబడింది.

కల్యాణకట్టలో మంగలి ఎవరికమ్మా అని అడిగాడు. గౌరవ్వ నెరిసిన కొప్పు విప్పుకుని అతని ముందు కూర్చుంది.

"రాజన్న పేరు మీద అబద్ధమాడింది నేను. ఇచ్చుడు గూడ నేనే ఇస్త."

కోరుట్ల బస్సులో పక్క సీటావిడ ఆ గుండు, వెనక సీట్లోని పొట్టి క్రాపులు చూసి, ఏం మొక్కవ్వా అని అడిగింది. గౌరవ్వ తల మీదికి కొంగు లాక్కోలేదు. గొంతూ తగ్గించలేదు.

"నా కోడలికి క్యాన్సర్ అచ్చింది. తగ్గింది."

బస్సులో నలుగురు తిరిగి చూశారు. వెనక సీట్లో భాగ్య, రజని చెయ్యి గట్టిగా పట్టుకుంది. పక్క సీటావిడ మాత్రం కొంచెం అవతలికి జరిగి, అది అంటుకోదా అని గుసగుసగా అడిగింది.

గౌరవ్వ ఆవిడ వైపు పూర్తిగా తిరిగి, కాళ్లు పైకి పెట్టుకుని తీరిగ్గా కూర్చుంది.

"గిట్ల దగ్గరికి జరుగు, చెప్త. సిరిసిల్లల సాంచాలు ఎప్పుడన్న సూసినవా?"