బిళ్ళ చుట్టూ ఖాళీ

ఆసుపత్రి ల్యాబ్‌లో చెల్లెలు రోజూ క్రిములు పెంచి చూసే గాజు పళ్లేలన్నీ ఎవరెవరివో. ఈ ఒక్కటి మాత్రం సొంత అన్నయ్యది. కాలేయం చెడి, బానలా ఉబ్బిన అతని పొట్టలోంచి సూదితో తీసిన నీళ్లలోని క్రిములు అందులో పెరిగాయి. వాటి మధ్య మందులద్దిన కాగితపు బిళ్ళలు పెట్టింది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి చేరదు, శుభ్రంగా ఖాళీ మిగులుతుంది. ఇక్కడ క్రిములు దర్జాగా బిళ్ళల అంచుల దాకా వచ్చి కూర్చున్నాయి. ఒక్క బిళ్ళ చుట్టూ మాత్రం ఖాళీ ఉంది. డాక్టరు ఎక్కిస్తున్న మందు అది కాదు.

ఆమె వార్డుకు పరుగెత్తింది. డాక్టరు మందు మార్చి, ఇంతకుముందు ఏమేం వాడారని వదినను అడిగాడు.

"రాసినవన్నీ కొన్నానండీ. జ్వరం తగ్గగానే ఆపేసి, మిగిలినవి డబ్బాలో దాచేదాన్ని. ఒళ్లు వెచ్చబడితే ఒకటో రెండో వేసేదాన్ని. ఒక్కటీ పారేయలేదు."

డాక్టరు తల పట్టుకున్నాడు. "సగం కొట్టి వదిలేశారమ్మా. బతికిన క్రిములు రాటుదేలిపోయాయి."

వదిన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆవిణ్ణి ఏమనగలం? మొగుణ్ణి కంటికి రెప్పలా చూసుకుంది. ఆ చూసుకోవడమే కొంప ముంచింది.

కొత్త మందు పనిచేసింది. అన్నయ్య కళ్లు తెరిచి, "ఏమే, నా పొట్టనీళ్లతో వ్యవసాయం చేశావట. పంటెలా వచ్చింది?" అన్నాడు. చెల్లెలికి నవ్వు రాలేదు. అన్నం ముందు కూర్చున్నా ఆ గాజు పళ్లెమే కనిపించి ముద్ద దిగేది కాదు.

ఇంటికి పంపుతూ డాక్టరు, పొట్టనీళ్లలో మళ్లీ క్రిమి చేరకుండా రోజూ ఒక మాత్ర వేయమన్నాడు. కొన్నాళ్లకు చెల్లెలు చూడ్డానికి వెళ్లింది. వంటింటి అలమరలో పాత డబ్బా కనిపించి మూత తీస్తే, ఆ మాత్రలే, చాలావరకు అలాగే ఉన్నాయి.

"ఇవి వేయడం లేదా వదినా?"

"రోజూ వేస్తే క్రిములు దీనికీ రాటుదేలవూ? డాక్టరు చెప్పిందే కదమ్మా. బాగున్నన్నాళ్లూ ఆపితే కష్టానికి అక్కరకొస్తాయని దాచా."

వదిన భయంలో అబద్ధం లేదు, రోజూ వేసినా క్రిములు రాటుదేలడం ఉన్నదే. చెల్లెలు గదిలోకి వెళ్లి, ముసుగు తన్ని పడుకున్న అన్నయ్య నుదుటి మీద చేయి వేసింది. కాలిపోతోంది.

"మళ్లీ విత్తనాలు చల్లుతావటే?" అన్నాడు అన్నయ్య, కళ్లు తెరవకుండానే.

వెనకనుంచి వదిన కంగారుగా వచ్చింది, ఒక చేతిలో నీళ్ల గ్లాసు, మరో చేతిలో డబ్బా.