నలుపూ తెలుపూ బందం

పొద్దున్నే లేచి ఉర్కుయా చేసే మొదటి పని ఆవు పాలు పితకడం కాదు, టీ కాచడమూ కాదు. గొర్రెల ఉన్ని తీసే కత్తెర పట్టుకుని మనవరాలి పక్క దగ్గరికి వెళ్తుంది. దుప్పటి ఎత్తి, చీలమండలకు చుట్టుకున్న బందాన్ని కత్తిరిస్తుంది. నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ కలిపి పేనిన తాడు అది. వాళ్ళ ఊరు టోక్మోక్‌లో ఏ బిడ్డకైనా తొలి అడుగులు పడగానే అలాంటిదే కట్టి, పిల్లలకు పరుగు పందెం పెడతారు. ముందొచ్చినవాళ్ళు బిడ్డను పేరు పెట్టి గట్టిగా పిలిచి తాడు కోసేస్తారు. ఇక ఆ బిడ్డ తడబడకుండా బతుకంతా నడవాలి. మనవరాలు బెర్మెత్‌కీ అలాగే కోశారు. కానీ పదమూడో ఏట, మంచు కరిగే రోజుల్లో, ఆ బందం మళ్ళీ వచ్చింది. పొద్దున కోస్తే మధ్యాహ్నానికల్లా పెరుగుతోంది.

"బందం మళ్ళీ పడిందటగా? మా చిన్నాన్నకీ అంతే పాపం," అంది పక్కింటి సబీరా కంచె మీంచి. "పోనీలే, మేజోళ్ళకి ఉన్ని కొనక్కర్లేదు నీకు."

ఉర్కుయాకి నవ్వు రాలేదు. ఆనాడు పందెంలో ముందొచ్చి తాడు కోసింది ఈవిడ కూతురే. నత్తలా నడిచే ఆ పిల్ల ఎలా గెలిచిందో ఉర్కుయాకి అప్పుడే అనుమానం. ఇప్పుడు ఉన్ని అమ్మినవాడి మీదా అనుమానమే. అందరికంటే ఎక్కువ అనుమానం బిష్కెక్‌లో ఉన్న పిల్లల డాక్టరు సయ్‌కల్ మీద.

తాను ఆడపిల్లను కాననీ, మగపిల్లాడిననీ, ఎల్దియార్ అని పిలవమనీ బిడ్డ చలికాలంలోనే చెప్పింది. ఉర్కుయా విననట్టు ఊరుకుంది. పరాయి దేశంలో, కజాన్‌లో కుట్టుపని చేసుకుంటున్న బిడ్డ తల్లి మాత్రం ఫోన్‌లో విని, ఏడ్చి, "అమ్మా, ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. ఇలాంటి పిల్లల్ని బాగా చూస్తుందట," అంది.

తీసుకెళ్ళింది. ఆసుపత్రి టీలో ఏం కలుపుతారో ఏమోనని ఫ్లాస్కులో సొంత టీ పట్టుకెళ్ళింది. డాక్టరు కాసేపు బిడ్డతో విడిగా మాట్లాడతానంటే బయటికొచ్చి, తలుపుకి చెవి ఆనించి నిలబడింది. లోపల్నించి నవ్వు వినబడింది. ఆ నవ్వు విని ఏడాది దాటింది. ఉర్కుయా తలుపు తోసుకుని లోపలికెళ్ళింది.

"ఏం మందిచ్చావే అమ్మాయీ?" అని నిలదీసింది.

"ఏ మందూ ఇవ్వలేదు అపా," అంది డాక్టరు, పెద్దావిడల్ని పిలిచే పిలుపుతోనే. " నిద్ర పడుతోందా, బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఏ పేరుతో పిలవమంటావు అని అడిగాను."

"అంతేనా?"

"ఈరోజుకి అంతే. మందుల సంగతి ముందుముందు, అవసరమైతేనే. అప్పుడైనా అందరం కూర్చుని మాట్లాడుకున్నాకే."

ఇంత మంచిగా మాట్లాడేవాళ్ళని ఎలా నమ్మడం? బిడ్డ కాళ్ళు చూస్తే బందం దారప్పోగంత సన్నబడి ఉంది. "బెర్మెత్, ఫ్లాస్కు అందుకో," అంది ఉర్కుయా. వ్యాను ఎక్కి ఇల్లు చేరేసరికి తాడు మళ్ళీ వేలి లావయింది. దానితో ఆమె అనుమానం రూఢి అయింది. ఆ డాక్టరు ఎదురుగా ఉన్నంతసేపూ తగ్గించి, వెనక పెంచి పంపుతోంది, మళ్ళీ మళ్ళీ రప్పించుకోడానికి! ఇక ఆ గడప తొక్కేది లేదనుకుంది.

తొక్కకుండా నెల గడిచింది. బందం గుర్రప్పిల్లకు కట్టే పలుపంత అయింది. కత్తెరకు తెగడం మానేసింది. బిడ్డ బడి మానేసింది, ముద్ద ముట్టడం లేదు. ఒకరోజు గోడవైపు తిరిగి పడుకుని, "నాకిక లేవాలని లేదు అపా," అంది.

ఉర్కుయా తన పంతం పక్కన పెట్టింది. కత్తెరకు పదును పెట్టించి సంచిలో వేసుకుని, బిడ్డను దాదాపు ఎత్తుకుని వ్యానెక్కింది.

ఆసుపత్రి వసారా పొడుగునా ఉంది. ఆ చివర గది ముందు డాక్టరు నిలబడి ఉంది. "ఎల్దియార్, తొందరేం లేదు. మెల్లగా రా," అంది. ఉర్కుయా కళ్ళముందే తాడు వదులైంది. బిడ్డ ఒక అడుగు వేసింది. ఉర్కుయా పట్టలేక, "బెర్మెత్, చూసుకుని నడువు!" అని అరిచింది. తాడు బిర్రుగా బిగుసుకుంది. బిడ్డ బోర్లా పడింది.

జీవితంలో మొదటిసారి ఉర్కుయాకి తన మీద తనకే అనుమానం వచ్చింది. పందెం రోజు ఊరంతా వినేలా ఏ పేరు పిలిచారో గుర్తొచ్చింది. ఆ పేరు పెట్టింది తనే.

"అది మా అమ్మ పేరు తల్లీ," అంది, బిడ్డను లేపి కూర్చోబెట్టి, వసారా ఆ చివరున్న డాక్టరు దగ్గరికెళ్ళి.

"మీ అమ్మని మీ దగ్గర్నించి ఎవరు తీసుకుపోతారు అపా? తాళ్ళ సంగతి నాకు తెలీదు. ఈ బిడ్డ భయపడుతోందని మాత్రం తెలుసు."

ఉర్కుయా ఆమె పక్కనున్న కుర్చీలో కూలబడింది. బల్ల మీద చల్లారిన టీ కనిపిస్తే, ఆసుపత్రిదని కూడా చూసుకోకుండా గటగటా తాగేసింది. తరవాత బూట్లు విప్పింది. తాడు కోసేవాళ్ళు పరుగెత్తి వచ్చి కోయాలి, నడిచొచ్చి కోస్తే చెల్లదు. కత్తెర పట్టుకుని, అరిగిపోయిన మోకాళ్ళతో, మేజోళ్ళు జారుతుంటే వసారా అంతా పరుగెత్తింది. కూర్చున్న తల్లులు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. రొప్పుతూ బిడ్డ ముందు కూలబడి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని పిలిచింది.

"ఎల్దియార్!"

కత్తెర వెన్నలో దిగినట్టు దిగింది.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ కత్తెరతో వెళ్ళి దుప్పటి ఎత్తింది. తాడు లేదు. కాళ్ళూ లేవు. పక్క ఖాళీ. కిటికీ దగ్గరికి ఉరికింది. ఎవడో కుర్రాడు గేటు దూకి వీధిలో పరుగెడుతున్నాడు.

"దొంగవెధవా! ఎవడ్రా నువ్వు?" అని అరిచింది.

కుర్రాడు ఆగలేదు. బడిసంచి భుజాన ఎగరేసుకుంటూ, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

"నేనే అపా! ఎల్దియార్‌ని!"