పాత చొక్కా గౌను

పార్సిళ్ల తనిఖీ అధికారిణికి అక్కంటే ప్రాణం. అక్క ఇంట్లో గుడ్డబొమ్మలు కుట్టి ఆన్‌లైన్‌లో విదేశాలకు అమ్ముతుంది. ఆ దుకాణం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. రెండేళ్ల కిందట, ఎగుమతి కాగితాలు నింపలేక తల పట్టుకున్న అక్కతో ఈ మహాతల్లే తేలిగ్గా అనేసింది: "బహుమతి అని రాసెయ్యక్కా. ఎవరు చూస్తారు?"

చూడాల్సిన మనిషి తనేనన్న సంగతి ఆ పూట గుర్తు రాలేదు కాబోలు.

ఇప్పుడు కొత్త నిబంధన వచ్చింది. అమ్మిన సరుకును బహుమతిగా రాసి సరిహద్దు దాటిస్తే మొదటిసారికి హెచ్చరిక, మొండికేస్తే ఆన్‌లైన్ దుకాణం మూత. అక్కకు ఫోన్ చేసి చెబుదామని వారం రోజులుగా అనుకుంటూనే ఉంది. అనుకోవడానికేం, ఖర్చా?

ఆ ఉదయం కొత్తగా చేరిన ఆరుగురికి పాఠం చెబుతూ, అనుమానం మీద పక్కన పెట్టిన కుప్పలోంచి ఒక పెట్టె తీసింది. పంపినవాళ్ల పేరు చదివే ఓపిక కూడా లేదు. "బహుమతి అని రాసేవాళ్లలో సగం మంది దొంగలే" అంటూ టేపు కోసింది. లోపల అమ్మకం బిల్లు, దాని కింద బొమ్మ. బొమ్మ వేసుకున్న గౌను తన పాత యూనిఫాం చొక్కాలోంచి కత్తిరించింది. తను అక్కకు ఇచ్చిందే. జేబు దగ్గర సిరా మరక కూడా అలాగే ఉంది.

ఒకమ్మాయి గౌను కేసి, మేడమ్ చొక్కా కేసి మార్చి మార్చి చూసింది. మొదటిసారే కాబట్టి హెచ్చరిక రాయనా అని ఆ అమ్మాయి అడిగింది. ఊఁ అంటే సరిపోయేది. మెతకబడితే ఎక్కడ దొరికిపోతానోనని అధికారిణికి భయం.

"ఇలాంటివాళ్లకు హెచ్చరికలేంటి? మూయించెయ్యండి" అంది. గబగబా సంతకం గీకేసింది.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. దుకాణం మూసేశారని, ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియడం లేదని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"నువ్వు చెప్తే రాశానని మాత్రం ఎవరికీ చెప్పనులేవే. నాకే తెలీక రాశానంటాను. నీ ఉద్యోగానికి మాట రాకూడదు. ఆ సంతకం పెట్టినాయన మాత్రం పాపం ఏం చేస్తాడు, పైవాళ్లు ఊరుకోరు కదా."

ఆ సంతకం పెట్టింది నేనే అని చెప్పడానికి చెల్లెలు నోరు తెరిచింది.

"అవునక్కా, పాపం" అంది.