హార్డు డిస్కుకు పెట్టిన పసుపు

ఆయుధపూజ నాడు కత్తిపీట మొదలుకోని కెమెరా దాకా అన్నిటికీ పసుపు కుంకం పెట్టేది నా పని. ఈసారి కోడలు రూపశ్రీ కంప్యూటరు పక్కన అరచెయ్యంత నల్లడబ్బా కనిపించింది. పెండ్లి వీడియోలు దాచే హార్డు డిస్కంట. ఏడాదంతా పనిచేసేదే కదా, దాన్నెందుకు వదలాలనుకోని తడిపసుపు మెత్తినాను, వైరు దూర్చే సందు కాడ్నే.

మర్నాడు అది కంప్యూటర్లో తెరుచుకోలేదు. పూతలపట్టోళ్ళ పెండ్లి అందులోనే ఉండాది, ఇంకో కాపీ లేదు. మళ్ళా తాళి కట్టమని వాళ్ళనడగలేము కదా. మా ఫోటో స్టూడియో బోర్డు మీద పేరు నా కొడుకు మునిశేఖర్‌ది. నడుం పట్టేసేదాకా కూర్చోని ఆ పెండ్లిండ్లన్నీ కత్తిరించి అతికించేది రూపశ్రీ. జీతమని ఒకరు ఇచ్చిందీ లేదు, ఆ పిల్ల అడిగిందీ లేదు.

"ఇంట్లో కూర్చోని ఒక డబ్బాను చూసుకోలేవా? అదేమన్నా రాళ్ళు మోసే పనా?" మూడు దినాలు రూపశ్రీ మీద వాడిదే అరుపు. పసుపు మెత్తింది నేనని చెప్పకుండా నేను వంటింట్లోకి పోయినాను. నేను కాపురానికొచ్చిన ఏడు మా అత్త ఊరగాయ జాడీలో తడిగంటె పెట్టింది. బూజుపడితే దెబ్బలు నాకు పడినాయి. ఆమె వక్కాకు నముల్తా గమ్మున కూర్చునింది. ఆమె పోయి ముప్పై ఏండ్లాయె, ఆ గమ్మునుండిన నోరు మాత్రం నేను మర్సిపోలా. ఇప్పుడు అదే నోరు నా మొగాన ఉండాది.

నాలుగోనాడు డిస్కు పట్టుకోని ఆ పిల్ల తిరుపతికి బయల్దేరితే నేనూ బస్సెక్కినాను. రిపేరు అంగట్లో అంబ్రీన్ అనే అమ్మాయి భూతద్దం పెట్టి చూసింది.

"వైరు పెట్టే కాడ పసుపు ఎండి కూర్చునుండాది. ఎవురు పెట్టినారమ్మా?"

రూపశ్రీ నా పక్క చూడకుండానే "నేనే" అనింది.

"ఫైళ్ళు లోపలే ఉంటాయి. పసుపు తడికి షార్టయి, ఏది యాడుండాదో చెప్పే పట్టీ చెడిపోయింది. ఒక్కొక్కటే వెతకాల. అన్నీ వస్తాయని చెప్పలేను" అనింది అంబ్రీన్.

గంట గడిచింది. తెర మీద సగం సగం మొగాలు, బూడిద చారలు. తాళి కట్టేది మాత్రం రాలేదు. అంతలో ఫోను మోగింది. మునిశేఖరే. రూపశ్రీ చేతిలోంచి ఫోను నేను లాక్కున్నాను.

"రేయ్, పసుపు పెట్టింది నేను."

"నువ్వా? పోనీలేమ్మా, తెలీక చేసినావు. దానికేముందిలే" అని నగినాడు.

అంతే. చేసిన నాకు ఒక నగువు. చెయ్యని ఆ పిల్లకు మూడు దినాల తిట్లు.

"ఆ మాటే నీ పెండ్లానికి చెప్పు" అని ఫోను రూపశ్రీ చెవికి ఆనించినాను. అప్పుడే అంబ్రీన్ తెర మా పక్కకు తిప్పింది. తాళి. మూడు ముళ్ళూ చక్కంగా కనిపిస్తా ఉండాయి. ఆ పిల్ల నోరు తెరవబోయింది.

నేను నా పెదాల మీద వేలు పెట్టి చూపించినాను. దొరికిందని తర్వాత చెప్పొచ్చు, ముందు వాడి నోట ఆ మాట రానీ.