రెండో తుమ్ము

నేను ఒక టేబుల్ ఫ్యానుని. పుట్టుకతో నాకు ఏ రోగమూ లేదు. రాజమండ్రి సెలూన్‌లో బల్ల మీంచి పడ్డాక మెడ పట్టేసి, ఎడమకు తిరిగినప్పుడల్లా “హాఛ్!” అనడం మొదలైంది. మనిషి తుమ్మితే “చిరంజీవ” అనే జనం, నేను తుమ్మితే నెత్తిన ఒక్కటిచ్చేవారు.

చేతులు మారి కాకినాడలో ఒక అలర్జీ ఆస్పత్రికి చేరాను. అక్కడ నూనె పోసి నా నోరు మూయించారు. అద్దాల గదిలో కూర్చున్న రోగుల ముక్కుల మీదికి వయ్యారిభామ పుప్పొడి విసరడం నా కొలువు. రోడ్ల పక్కన తెల్లగా పూసే ఆ కలుపుమొక్క పేరులోనే వయ్యారం, పనంతా తుమ్ములే. డాక్టర్ హేమనళిని బయట కూర్చుని ఆ తుమ్ములు లెక్కపెట్టేది. కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి, సగంమందికి ఆ పుప్పొడితోనే చేసిన మందు, నాలుక కింద చుక్కలుగా. మిగతావారికి ఉత్త తీపినీళ్లు. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. చదువుకున్నవాళ్లు ఇంత శ్రద్ధగా తెలియకుండా ఉండడం అక్కడే చూశాను.

రోగుల్లో పేరిశాస్త్రిగారు పురోహితుడు. మనవరాలి పెళ్లి తనే జరిపించాలని ఆయన ఆశ. “ముహూర్తంలో తుమ్మితే ఎలాగండీ? ఇంకొకర్ని చూసుకుందాం,” అన్నారట మగపెళ్లివారు.

చుక్కలు మొదలుపెట్టకముందు పరీక్షలో డాక్టరమ్మ తల గోక్కుంది.

“శాస్త్రిగారూ, మీ తుమ్ములన్నీ జంటలుగా వస్తున్నాయేంటండీ?”

“ఒంటి తుమ్ము అశుభం కదమ్మా! రెండోది నేనే కలుపుతున్నా.”

“నా లెక్క గంగలో కలిపారు కదండీ! మళ్లీ కలిపారంటే మిమ్మల్ని తీసెయ్యాల్సిందే.”

నెలల తరబడి చుక్కలు వేసుకున్నాక ఆయన మళ్లీ వచ్చి కూర్చున్నారు. నేను శక్తికొద్దీ విసిరాను. పక్కాయన తుమ్మి తుమ్మి కళ్లజోడు పారేసుకున్నాడు. శాస్త్రిగారి ముక్కు మాత్రం పలకలేదు. లేవబోయే ముందు ఒకే ఒక్కటి వచ్చింది. రెండోది కలపలేక, అశుభాన్ని మోయలేక ఆయన పంచె అంచు నలుపుకుంటుంటే నాకే జాలేసింది. మెడలో నూనె ఎండి, పుప్పొడి చేరి ఉందేమో, ఎడమకు తిరిగాను.

“హాఛ్!”

“రెండయ్యాయి!” అన్నారు ఆయన, ముఖం వెలిగిపోతుంటే.

“ఒక్కటేనండీ,” అంటూ డాక్టరమ్మ రాసుకుంది. ఇద్దరికీ తృప్తే.

చివరకు గుట్టు విప్పితే ఆయనకు దక్కింది అసలు మందే. మగపెళ్లివారు మెత్తబడ్డారు. చప్పుడు చేస్తున్నానని ఆస్పత్రివాళ్లు నన్ను పాత ఇనుముకు వేయబోతే, శాస్త్రిగారు అడిగి తీసుకున్నారు.

“మెడకు నూనె వేయించమంటారా?”

“వద్దమ్మా, వద్దు!”

పెళ్లిలో నన్ను తన పక్కనే పెట్టుకున్నారు. జీలకర్ర బెల్లం చేతికిస్తుండగా ఆయన ముక్కు అదిరింది. ఒక్క తుమ్ము. సన్నాయి ఆగింది. మగపెళ్లివారి పెద్దాయన కండువా దులుపుకుని లేవబోయాడు.

నేను మెల్లగా ఎడమకు తిరిగాను.

“హాఛ్!”

“రెండు! శుభం!” అంటూ పెద్దాయన కూర్చున్నాడు. సన్నాయి అందుకుంది. ఆ సందడిలో శాస్త్రిగారు నా మీద నాలుగు అక్షింతలు వేసి, నాకు మాత్రమే వినిపించేలా అన్నారు.

“చిరంజీవ!”